నంబరు లేని చేతులు

పొట్నూరు అచ్చయ్యకి బొమ్మలు వెయ్యడం రాదు. ఈ సంగతి డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో అందరికీ తెలుసు. అచ్చయ్యకి మరీ బాగా తెలుసు. అందుకే కాలనీ చరిత్రనంతా గోడ మీద బొమ్మలుగా వేసే పని అతనికి అప్పగించారు. బొమ్మలు వచ్చినవాడైతే చెప్పినమాట వినడు కదా.

అచ్చయ్య పంతొమ్మిదివందల అరవై తొమ్మిదిలో టెక్కలి పక్క పల్లె నుంచి రాయపూర్ వచ్చి రైలు వ్యాగన్లు బాగుచేసే డబ్ల్యూఆర్ఎస్ వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. చేరిన వారానికే పెయింటింగు సెక్షనులో మనిషి కావలసి వచ్చింది. చెయ్యి వణకనివాడు కావాలన్నారు. మేస్త్రీ పదిమందిని వరసగా నిలబెట్టి, టీ గ్లాసు పట్టుకుని చెయ్యి చాపమన్నాడు. తొమ్మిది గ్లాసుల్లోంచి టీ తొణికింది. అచ్చయ్య గ్లాసులోంచి చుక్క పడలేదు. అందులో టీ అప్పటికే తాగేశాడు. ఆ విధంగా కళారంగానికి ఎంపికయ్యాడు.

పని సులువే. బాగుపడిన వ్యాగన్ పక్కన రేకు పెట్టడం, రేకులో కోసిన అక్షరాల మీద తెల్లరంగు అద్దడం, రేకు తియ్యడం. వ్యాగన్ నంబరు, ఖాళీ బరువు, మొయ్యగలిగిన బరువు, బాగుచేసిన తేదీ, మళ్ళీ తేవలసిన తేదీ. ఇరవై రెండేళ్లు ఇదే. రేకు లేకుండా అతను ఒక్క సున్నా కూడా గుండ్రంగా రాయలేడు. రేకు ఉంటే మాత్రం దేశంలో ఏ మూల చూసినా అచ్చయ్య చేతిరాతే, బొగ్గు మోస్తూ తిరుగుతూ ఉంటుంది. ఇంత విస్తృతంగా రచనలు ప్రచురించుకున్నవాడు తెలుగువాళ్లలో ఇంకొకడు ఉండడు.

ఆ ఇరవై రెండేళ్లలో అచ్చయ్యకి ఒక వేదాంతం అబ్బింది. నంబరు లేని వ్యాగన్ పట్టాల మీద ఉన్నా లేనట్టే. అది ఎక్కడికీ పోదు, దాన్ని ఎవరూ వెతకరు. మనుషులూ అంతే. వర్క్‌షాపులో ప్రతివాడికీ ఒక టికెట్ నంబరు ఉంటుంది, పేరు మరిచిపోయినా నంబరు మరిచిపోరు. ఈ వేదాంతం క్వార్టరులోకి కూడా వచ్చేసింది. బియ్యం డబ్బా మీద ఖాళీ బరువు, నిండు బరువు. నవారు మంచం మీద అల్లిన తేదీ, మళ్ళీ అల్లవలసిన తేదీ. టిఫిన్ డబ్బా మీద కూడా ఖాళీ బరువు.

"నా మీద కూడా రాసీ మావా, రిపేరుకెప్పుడు తేవాలో" అనేది భార్య దాలమ్మ.

దాలమ్మది బొబ్బిలి వైపు. అచ్చయ్యకన్నా నాలుగేళ్ల ముందే రాయపూర్‌లో దిగింది. అప్పటికి కాలనీ లేదు, బీడు ఉంది. కంట్రాక్టరు తెచ్చిన మట్టిపని జట్టులో తల్లిదండ్రులతో వచ్చి, పునాదులు తవ్వుతుంటే తట్టలు మోసింది. ఆ పక్క బస్తీలో ఉండే బుధియారిన్, మిగతా ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లూ ఆ జట్టులోనే. పని అయిపోయాక జట్టు చెదిరిపోయింది, దాలమ్మ మిగిలింది, అచ్చయ్యని చేసుకుంది. మొగుడూపెళ్లాల మధ్య ఏ తగువు వచ్చినా చివరికి ఒకటే మాట. "నువ్వు రాకముందే ఈ ఊరికి నాను పాతదాన్ని."

ఇక చరిత్ర సంగతి. తొంభై ఒకటిలో కాలనీకి పాతికేళ్లు నిండాయని ఎవరికో గుర్తొచ్చింది. వెంటనే తెలుగు ఐక్య కళా సమితి సమావేశమైంది. 'ఐక్య' అన్న మాట సమితి మూడోసారి చీలిన తర్వాత చేర్చారు. అధ్యక్షుడు రామమూర్తి, స్టోర్స్‌లో గుమస్తా, రామమందిరం వరసలో ఉంటాడు. కార్యదర్శి ఐజాక్, ఫిట్టరు, చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. చర్చి నుంచి రామమందిరం దాకా బజారు రోడ్డు వెంట పొడుగాటి గోడ ఒకటి ఉంది. దాని మీద మొదటి తరం కార్మికులందరి బొమ్మలూ వేయించి, మన చరిత్ర నిలబెట్టి, మతాల మధ్య సామరస్యం పెంచాలని తీర్మానించారు. తీర్మానం అయిన ఐదు నిమిషాలకి తగువు మొదలైంది.

"చరిత్రంటే ఎడమ నుంచి కుడికి పోవాలండీ. ఎడం పక్కన చర్చి ఉంది. దానికి నేనేం చేసేది?" అన్నాడు ఐజాక్.

"రోడ్డుకి ఇటు నిలబడితే ఎడమ. గోడకి అటు నిలబడితే కుడి" అన్నాడు రామమూర్తి.

"గోడకి అటు డ్రైనేజీ ఉందండీ. అందులో నిలబడి ఎవరు చూస్తారు?"

"శుభకార్యం గుడి నుంచి మొదలెట్టడం మా వైపు ఆనవాయితీ."

"మా వైపు ప్రార్థనతో మొదలెట్టడం."

గంటన్నర తర్వాత, మూల కూర్చున్న అచ్చయ్య లేచాడు. "టికెట్ నంబర్లున్నాయి కదండీ. బేసి నంబర్లు చర్చి కాడ్నించి, సరి నంబర్లు గుడి కాడ్నించి రాసుకొచ్చేద్దుం. మధ్యలో కలిసిపోతాయి."

ఇద్దరికీ అర్థం కాలేదు గనక ఇద్దరూ ఒప్పుకున్నారు. మధ్యలో నాలుగు గజాలు మాత్రం ఖాళీ ఉంచమన్నారు. అక్కడ సమితి సభ్యుల పేర్లు రావాలి. చరిత్ర ఎటునుంచి నడిచినా వచ్చి చేరవలసింది సమితి దగ్గరికే కదా.

అచ్చయ్య తనకి తెలిసిన పద్ధతిలోనే పని మొదలెట్టాడు. నూనె డబ్బా రేకు చదును చేసి, అందులో ఒక మనిషిని కోశాడు. టోపీ, మీసం, గెడ్డం, రెండు భుజాలు. గోడకి నల్లరంగు కొట్టి, ఆ రేకు ఆనించి తెల్లరంగు అద్దాడు. ఒకటో నంబరు తయారైంది. జరిపి అద్దాడు. మూడో నంబరు. అలా మూడువందల నలభై మంది కార్మికులు ఒకే మొహంతో, ఒకే మీసంతో గోడ మీదికి వచ్చారు. ఎవరు ఎవరో తెలియడానికి ప్రతి మొహం కింద టికెట్ నంబరు.

రామమూర్తి వచ్చి చూశాడు. "అందరూ ఒక్కలాగే ఉన్నారేంటయ్యా?"

"నంబర్లు వేరండి" అన్నాడు అచ్చయ్య, పసిపిల్లాడికి చెప్పినట్టు.

"మా నాన్నకి మీసం లేదు" అన్నాడు ఐజాక్.

మీసం లేనివాళ్ల నంబర్లు ఇమ్మన్నాడు అచ్చయ్య. ఇరవై ఆరు నంబర్ల జాబితా వచ్చింది. రేకుముక్కతో ఇరవై ఆరు మీసాలు గీకేశాడు. చరిత్రకారులు ఇంతకంటే పెద్ద సవరణలు ఇంతకంటే తక్కువ ఆలోచనతో చేస్తారు.

అసలు గమ్మత్తు ఆ తర్వాత బయటపడింది. టికెట్ నంబర్లు ఇచ్చినప్పుడు ఎవరూ కులం, మతం చూసి సరీ బేసీ పంచలేదు. ఐజాక్ నాన్న పాల్ నంబరు నూట పద్దెనిమిది, వెళ్లి రామమందిరం మెట్ల పక్కన తేలాడు. రామమూర్తి నాన్న నంబరు డెబ్బై మూడు, చర్చి గేటుకి ఆనుకుని నిలబడ్డాడు. రామమూర్తి తల్లి శేషమ్మ డెబ్బై ఏళ్ల మనిషి, పాతికేళ్లలో ఒక్కసారి కూడా గోడకి ఆ చివరికి నడవలేదు. భర్త అక్కడున్నాడని తెలిశాక ఆదివారం పొద్దున్నే పువ్వులు పట్టుకుని బయల్దేరింది. లోపల ప్రార్థన జరుగుతోంది. ఐజాక్ భార్య మేరీ, ఆసుపత్రిలో నర్సు, బయటికి వచ్చి కుర్చీ వేసింది.

"కూర్చోండి పిన్నిగారూ, మోకాళ్లు వాచినట్టున్నాయే" అంది.

"వాపు సంగతి మా వాడికి చెబితే పేపరు అడ్డం పెట్టుకుంటాడే అమ్మా" అంది శేషమ్మ.

మేరీ ఇంట్లోంచి బీపీ మిషన్ తెచ్చింది. మరుసటి ఆదివారం శేషమ్మ ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లకి గోడ మీద ఎవరూ లేరు, బీపీ ఉంది. సమితి ఇన్నేళ్లుగా ఉపన్యాసాలతో సాధించలేని సామరస్యం బీపీ మిషన్ నాలుగు ఆదివారాల్లో సాధించింది. సమితి మాత్రం ఇది తమ దూరదృష్టి అని మినిట్స్‌లో రాసుకుంది.

గోడ దాదాపు పూర్తయ్యే రోజుల్లో దాలమ్మ భోజనం పట్టుకుని వచ్చింది. వచ్చిన మనిషి ఊరుకోలేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. మొహాలు చూడలేదు, చూడ్డానికేముంది ఒకటే కదా. నంబర్లు చూసుకుంటూ వచ్చింది. చదువు రాదు గానీ, ఇంటినిండా మొగుడు రాసిన అంకెల మధ్య బతికి అంకెలు నేర్చుకుంది.

"ఇందులో నానేదీ?" అంది.

"నువ్వెందుకుంటావు?"

"మొదట్నుంచీ ఉన్నోళ్ల బొమ్మలన్నారు కదా. మొదట్నుంచీ ఉన్నది నాను కదేటి?"

"నీకు టికెట్ నంబరేదే? నంబరు లేకుండా ఎలా ఏస్తాను? రూలొకటుంటాది."

"ఈ గోడ కింద పునాది తవ్వింది మేము. బుధియారిన్‌నడుగు, బస్తీలో అందర్నీ అడుగు. మేము తవ్విందానికి నంబరు లేదుగానీ, దాని మీదెక్కి నిలబడ్డోడికి నంబరు."

"అదంతా కంట్రాక్టరు పని. రికార్డులో ఉండదు."

దాలమ్మ డబ్బా అక్కడ పెట్టేసి వెనక్కి తిరిగింది. అరిచే దాలమ్మతో ఇరవై ఏళ్లు కాపురం చేశాడు, ఊరుకునే దాలమ్మ అతనికి కొత్త.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా వచ్చింది. మూత తీస్తే ఏమీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చి అడిగాడు.

"డబ్బా మీద ఖాళీ బరువెంతో నువ్వే రాసినావు కదా. సరిపోయిందో లేదో తూచుకో" అంది దాలమ్మ. అదే ఆ వారంలో ఆవిడ మొగుడితో మాట్లాడిన ఆఖరి మాట.

మూడు రోజులు క్యాంటీన్ సమోసాలు తిన్నాక అచ్చయ్య రామమూర్తి దగ్గరికి వెళ్లాడు. తట్టలు మోసిన ఆడోళ్లని కూడా ఎక్కడైనా వేద్దామా అని నసిగాడు.

"రికార్డు ఉందా?" అన్నాడు రామమూర్తి.

"నేదండి."

"అయినా మీ ఆవిడ పేరు చెప్పి బస్తీ వాళ్లందరినీ ఎక్కించేస్తే, ఇది తెలుగువాళ్ల గోడ ఎలా అవుతుందయ్యా?"

ఐజాక్ అయితే కాస్త మెత్తగా చెప్పాడు. "బ్రదర్, దేవుడి గ్రంథంలో వాళ్ల పేర్లు ఉంటాయి. మన గోడ మీద జాగా లేదు."

జాగా లేదన్నమాట నిజమే. నాలుగు గజాలు ఖాళీగా ఉన్నాయి గానీ, అది సమితి జాగా.

ప్రారంభోత్సవం ఆదివారం సాయంత్రం. శనివారం మగవాళ్లంతా వర్క్‌షాపులో ఉండగా, పట్టపగలు పదకొండు గంటలకి, దాలమ్మ బస్తీకి వెళ్లింది. బుధియారిన్ ధర్సీవా దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. దీపావళికి వాళ్ల ఆడవాళ్లు ఇంటిగోడల మీద పిండిలో ముంచిన అరచేతులు అద్దుతారు. ఆ ఇంట్లో మనుషులున్నారని, చల్లగా ఉన్నారని గుర్తు. దాలమ్మ చెప్పిందంతా విని బుధియారిన్ ఒక తట్టనిండా తెల్లమట్టి కలిపించింది. అరవై దాటినవాళ్లు, కర్రపట్టుకుని నడిచేవాళ్లు, చచ్చిపోయిన తల్లి బదులు వచ్చిన కూతుళ్లు, మొత్తం నలభై ఒక్కమంది బజారు రోడ్డు మీద వరసగా నడిచారు. సమితి జాగాలో నలభై ఒక్క చేతులు అద్ది, కొళాయి దగ్గర కడుక్కుని, ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు.

సాయంత్రం రామమూర్తి వచ్చి చూసి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఐజాక్ నిలబడే ప్రార్థన చేశాడు. ఆ తర్వాత ఇద్దరూ, సమితి పుట్టాక మొదటిసారి, ఒకే మాట అన్నారు.

"తుడిచెయ్. రేపు పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడిచేసి మా పేర్లు రాసెయ్. వర్క్‌షాపు పెద్దసారు నాలుగింటికి వస్తారు" అన్నాడు రామమూర్తి.

"నీ భార్య కాబట్టి నీ బాధ్యతే బ్రదర్" అన్నాడు ఐజాక్.

ఆదివారం పొద్దున్న అచ్చయ్య బక్కెట్టు, గుడ్డ, సమితి సభ్యుల పేర్లు కోసిన రేకు, తెల్ల ఎనామెల్ డబ్బా పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాడు. బయల్దేరుతుంటే దాలమ్మ అడ్డం రాలేదు. గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, బక్కెట్టు వైపు ఒకసారి చూసింది, అంతే.

మట్టి తుడవడం ఎంతసేపు. గుడ్డ తడిపాడు. తుడిచే ముందు, ఎందుకో, ఇందులో తన పెళ్లాం చెయ్యి ఏదా అని చూశాడు. అక్కడ అచ్చయ్య చిక్కుకుపోయాడు. రేకుతో అద్దిన మూడువందల నలభై మందిని చూసి చూసి అలవాటుపడ్డ కళ్లకి, ఒకదానిలా ఒకటి లేనివి నలభై ఒకటి కనబడ్డాయి. ఒక చేతికి రెండు వేళ్లే ఉన్నాయి. ఒక చెయ్యి గోడకి తగిలినంతలో వణికి చెదిరింది. ఒకటి మరీ చిన్నది. ఆ మనిషి తట్ట ఎలా ఎత్తిందో. వరసలో కింద ఒక చేతికి చిటికెనవేలు పక్కకి వంగి ఉంది. అది దాలమ్మది. ఆ వంకరవేలితో ఇరవై ఏళ్లు వడ్డించిన అన్నం తిన్నాడు. ఎక్కడ విరిగిందని ఎప్పుడూ అడగలేదు. రోట్లో పడి ఉంటుందనుకున్నాడు. తట్టతో పాటు రాయి మీద పడితే విరిగిందని ఆ నిమిషంలో తట్టింది. తట్టగానే ఏడ్చేసేంత సున్నితమైనవాడు కాడు అచ్చయ్య. "నంబరు లేదు. నంబరుంటే ఎవడూ ముట్టడు కదా" అనుకున్నాడు.

వ్యాగన్ సెక్షనులో రూలు అది. ఒకసారి నంబరు పడ్డదాన్ని ఎవరుబడితే వాళ్లు చెరపడానికి లేదు. పై నుంచి కాగితం రావాలి.

అచ్చయ్య గుడ్డ పక్కన పడేశాడు. పేర్ల రేకు తిరగేసి దాని మీద కూర్చున్నాడు. ఎనామెల్ డబ్బా మూత తీసి, రేకు సాయం లేకుండా, మట్టిచేతుల మీద రంగు నింపడం మొదలెట్టాడు. టీ గ్లాసు పరీక్షలో బయటపడని వణుకు అప్పుడు బయటపడింది. నలభై ఒకటీ అయ్యాక అసలు చిక్కు. ఒకటో నంబరు అప్పటికే ఒకడికుంది. వీళ్లు ఒకటికన్నా ముందు వచ్చినవాళ్లు. ఒకటికన్నా ముందు సున్నా. అందుకని సున్నా కింద గీత గీసి, సున్నా బై ఒకటి, సున్నా బై రెండు అని రాసుకుంటూ పోయాడు. ఇరవై రెండేళ్ల నౌకరీలో అచ్చయ్య రాసిన మొదటి దొంగ నంబర్లు అవి. వంకరవేలి చేతికి సున్నా బై ఒకటి ఇచ్చాడు. రాసేటప్పుడు ఇటూ అటూ చూశాడు కూడా.

నాలుగింటికి పెద్దసారు రానే వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు. ఒకే మొహం మూడువందల నలభైసార్లు చూసి, ఎంతో వైవిధ్యం ఉందని మెచ్చుకున్నాడు. నాలుగు గజాల దగ్గర ఆగాడు.

"యే క్యా హై?"

రామమూర్తి పెద్దసారు వెనక్కి తప్పుకున్నాడు. ఐజాక్ ఆకాశం వైపు చూశాడు. అచ్చయ్య ముందుకొచ్చి, "జీరో సీరీస్ సాబ్. ఫౌండేషన్ స్టాఫ్" అన్నాడు.

పెద్దసారు వంగి నంబర్లు చూశాడు. సున్నా బై ఒకటి నుంచి సున్నా బై నలభై ఒకటి దాకా, ఒక్కటి తప్పలేదు. నంబర్లు వరసగా ఉంటే ఇక అడగడానికేముంటుంది. "బహుత్ అచ్ఛా. రికార్డ్ బరాబర్ రఖా హై" అని, రికార్డు చక్కగా ఉంచినందుకు రామమూర్తి భుజం తట్టి, టీ తాగి వెళ్లిపోయాడు. టీ చల్లారేలోపే రామమూర్తి నలుగురికి చెబుతున్నాడు, ఫౌండేషన్ స్టాఫ్ ఆలోచన సమితిదేనని. ఐజాక్ ఇంకో అడుగు ముందుకేసి, మా మేనత్త కూడా ఆ రోజుల్లో తట్ట మోసిందని, ఆవిడకి సున్నా బై నలభై రెండు దొరుకుతుందేమోనని వాకబు చేశాడు.

జనం పలచబడ్డాక దాలమ్మ వచ్చింది. వెనకాల బుధియారిన్, ఇంకో పదిమంది. దాలమ్మ తన చెయ్యి దగ్గర నిలబడి కింద అంకె చదివింది. వారం తర్వాత మొగుడితో మాట్లాడింది.

"ఒకటి నాకెట్టినావేటి?"

"మరి నువ్వే కదే మొదట్నుంచీ ఉన్నానన్నావు."

"నీకన్నా ముందన్నాను. అందరికన్నా ముందనలేదు. బుధియారిన్ నాకన్నా ముందు. నానొచ్చేసరికే దాని తట్ట అడుగు అరిగిపోయుంది. పెళ్లాం గనక ఒకటెట్టుకున్నాడంటారు రేపు. ఎంత సిగ్గు మావా."

"రంగు ఆరిపోయింది."

"ఆరితే ఏటి, వ్యాగన్ మీద తప్పు రాస్తే చెరిపి రాయవేటి?"

ఆ తర్వాత నాలుగు సాయంత్రాలు అచ్చయ్య బస్తీలో చాప మీద కూర్చుని, ఒక నోటుబుక్కులో, ఎవరు ఎవరి తర్వాత వచ్చారో రాసుకున్నాడు. అది అంత సులువుగా తేలలేదు. బావి తవ్వకముందా తర్వాతా, పెద్ద వాన కురిసిన ఏడా మరుసటి ఏడా, ఫలానా దాని కడుపులో అప్పుడు పెద్దవాడా చిన్నవాడా అని ఆడవాళ్లు కొట్టుకున్నారు. ఒకావిడ అలిగి వెళ్లిపోయి, తన నంబరు రెండు మెట్లు పైకి జరిపాక తిరిగి వచ్చింది. కాలనీ చరిత్ర ఎవరైనా కూర్చుని వినడం అదే మొదలు. సమితికి ఆ సంగతి తెలియదు, మినిట్స్‌లో లేదు.

చివరిరోజు అచ్చయ్య బుధియారిన్‌ని అడిగాడు, తన ఇంటామెది ఎన్నో నంబరని. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"ఏహర్ తో బాద్ మా ఆయిస్" అంది. ఇది తర్వాతెప్పుడో వచ్చిందిలే అని. "తేయీస్."

దాలమ్మ తలూపింది. ఎవరో బిరుదు ఇచ్చినట్టే ఊపింది.

అచ్చయ్య గోడ దగ్గరికి వెళ్లి, కొత్త వరస ప్రకారం అందరి అంకెలూ దిద్ది, ఆఖరున దాలమ్మ ఒకటి మీద నల్లరంగు పూసి, ఆరనిచ్చి, ఇరవై మూడు రాశాడు. దాలమ్మ పక్కనే నిలబడింది. మూడు వంక సరిగ్గా తిరగలేదని మళ్ళీ రాయించింది.